గురి తప్పినా అందే వెలుగు

అరకు లోయలో కూర్చుని అమెరికాలో ఉన్న మనుమడితో మాట్లాడుతున్నాం. 2023 ఆగస్టులో మన చంద్రయాన్ దాదాపు నాలుగు లక్షల కిలోమీటర్ల అవతల దిగితే, అక్కడి మట్టినీ రాళ్ళనూ ఇంట్లో కూర్చుని చూశాం. కాని అదే సెల్‌ఫోనును నీరు చొరని సంచిలో పెట్టి, విశాఖ తీరాన మోకాటిలోతు సముద్రంలో ముంచి చూడండి, మూగదైపోతుంది. చంద్రుడి దగ్గరనుంచి రాగలిగిన కబురు ఉప్పునీళ్ళలో జానెడు దూరం పోలేదు! భూమిలో మూడింట రెండు వంతులకు పైగా కప్పిన సముద్రంలో ఒకరినొకరు పిలుచుకోవడం ఇప్పటికీ ఎంత కష్టమో చాలామందికి తెలియదు.

ఆ కష్టం తీర్చడానికి శాస్త్రజ్ఞులు వెలుగును వార్తాహరుడిగా పంపుతున్నారు. తీగ లేదు, రేడియో లేదు. నీలిరంగు వెలుగు మినుకు మినుకుమంటూ మాటలు మోసుకుపోతుంది. అయితే ఈ దూతకు ఒక గుణం ఉన్నది. అది సూటిగా పోతుంది. ఎదుటివాడు జానెడు పక్కకు జరిగితే వాడికి కబురు అందదు. సముద్రంలో పక్కకు జరగకుండా నిలిచేవాడెవడు? కనుక గురి తప్పినా కబురు అందేటట్లు చేయడం ఎలా అన్నదే ఈ విద్యలో అసలు సమస్య.

నేను కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఈ నీళ్ళ గొడవ మీకెందుకండీ అని పాఠకులు అడగవచ్చును. దానికి కారణం నా పాత శిష్యుడొకడు. అతని సంగతి కాస్త ఆగి చెబుతాను. ముందు, రేడియో ఎందుకు పనికిరాదో చూద్దాం.

ఉప్పునీటి గోడ

రేడియో తరంగాలు గాలిలో హాయిగా పోతాయి. ఇంటి గోడలు కూడా దాటుతాయి. ఉప్పునీరు మాత్రం వాటికి పడదు. ఉప్పు కరిగిన నీటిలో విద్యుత్తు పారుతుంది. రేడియో తరంగం అందులో అడుగుపెట్టగానే, నీటిలో ఉన్న విద్యుత్కణాలను అటూ ఇటూ ఊపడంలోనే తన శక్తినంతా ఖర్చు చేసుకుంటుంది. ఆ శక్తి వేడిగా మారిపోతుంది. తరంగం ఎంత పొట్టిదైతే అంత త్వరగా ఆరిపోతుంది. సెల్‌ఫోను, వైఫై తరంగాలు సముద్రజలంలో కొద్ది సెంటీమీటర్లలోనే సమసిపోతాయి.

తరంగం పొడుగైతే కొంత లోపలికి దిగుతుంది. అందుకే జలాంతర్గాములకు కబురు పంపడానికి కిలోమీటర్ల పొడుగున్న తరంగాలు వాడుతారు. తమిళనాడులో తిరునల్వేలి దగ్గర విజయనారాయణంలో మన నౌకాదళానికి 1990 నుంచి అటువంటి కేంద్రం ఉన్నది. రెండవ దానికి మన తెలంగాణలోనే, వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో, 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. సముద్రానికి అంత దూరాన ఉన్న వికారాబాదుకూ జలాంతర్గామికీ ఏమిటి సంబంధం అని విస్తుపోయినవాళ్ళున్నారు. ఈ పొడుగు తరంగాలు భూమి వంపు వెంబడి వేల కిలోమీటర్లు పోగలవు కనుక కేంద్రం ఒడ్డునే ఉండనక్కరలేదు. కాని నీటిలోకి దిగేది పది ఇరవై మీటర్లే. మోసేది కొద్దిపాటి అక్షరాలే. పైగా అది ఒకవైపు మాట. అంత పెద్ద ఆంటెన్నా జలాంతర్గామిలో పట్టదు కనుక, అది వింటుందే గాని ఆ దారిన బదులు చెప్పలేదు.

గంట మోగిన సరస్సు

మరి తిమింగలాలు ఎలా పిలుచుకుంటున్నాయి? శబ్దంతో. నీటిలో శబ్దం చాలా దూరం పోతుంది. గాలిలోకన్నా నాలుగింతల వేగంతో పోతుంది. ఈ వేగాన్ని 1826లో స్విట్జర్లండులోని జెనీవా సరస్సు మీద కొలాడన్ అనే శాస్త్రజ్ఞుడు తన మిత్రుడు స్టర్మ్‌తో కలిసి కొలిచాడు. ఒక పడవ దగ్గర నీటిలో వేలాడుతున్న గంటను కొట్టడం, సరిగ్గా అదే క్షణంలో తుపాకిమందు భగ్గుమనేటట్లు చేయడం. కిలోమీటర్ల దూరాన రెండవ పడవలో కూర్చున్న మనిషి, బూర వంటి గొట్టాన్ని నీటిలో ముంచి చెవి పెట్టి, మంట కనబడ్డాక ఎంతసేపటికి గంట వినబడిందో లెక్కపెట్టడం. లెక్క తేలింది: సెకనుకు 1435 మీటర్లు. సముద్రంలో ఇది సుమారు 1500 మీటర్లు. నేటికీ సముద్రగర్భంలో దూరపు సంభాషణ అంతా శబ్దంతోనే నడుస్తున్నది.

కాని శబ్దం మోయగలిగిన బరువు తక్కువ. ఎంత తక్కువో చెప్పాలంటే మా ఛందస్సును కొంచెం అరువు తెచ్చుకోవాలి. పద్యాన్ని గురువులుగా, లఘువులుగా విడగొడతాం గదా! రెండే గుర్తులు. మూడేసి గుర్తులు కలిపితే య, మ, త, ర, జ, భ, స, న అని ఎనిమిది గణాలు వస్తాయి. నేటి యంత్రాలన్నీ ఇదే పని చేస్తున్నాయి. అక్షరమైనా, ఫోటో అయినా, పాట అయినా రెండు గుర్తుల వరుసగా మార్చి పంపుతాయి. ఆ గుర్తును బిట్ అంటారు. నీటిలో శబ్దంతో సెకనుకు పదివేల బిట్లు పంపగలిగారనుకోండి. మామూలు ఫోటో ఒకటి కోటి అరవై లక్షల బిట్లు ఉంటుంది. అది చేరడానికి ఇరవై ఆరు నిమిషాలకు పైగా పడుతుంది. అదే వెలుగు సెకనుకు కోటి బిట్లు మోస్తే, రెండు సెకన్లలోపే పని అయిపోతుంది. ఇదీ తేడా.

తీగ తెగితే

ఇప్పుడు నా శిష్యుడి సంగతి. చాలా ఏళ్ళ క్రితం నా దగ్గర ఇంటర్మీడియటులో తెలుగు చదువుకున్న కుర్రవాడు. ఇప్పుడు ఓడ మీద కూర్చుని సముద్రం అడుగున మరమనుషుల వంటి యంత్రాలను నడిపే ఉద్యోగంలో ఉన్నాడు. కాకినాడకు ఎదురుగా బంగాళాఖాతం అడుగున సహజవాయువు తీసే బావులు ఉన్నవని మనకు తెలుసు. 2020 డిసెంబరులో ఉత్పత్తి ప్రారంభించిన క్షేత్రంలో ఈ బావులు రెండువేల మీటర్లకు పైగా నీటి కింద ఉన్నవి. అక్కడికి మనిషి ఈదుకుంటూ పోలేడు. గొట్టం బిగింపు చూడాలన్నా, మర తిప్పాలన్నా యంత్రాన్నే దింపాలి. ఆ యంత్రానికి ఓడనుంచి తీగ ఉంటుంది. అదే దాని ప్రాణం, అదే దాని సంకెల.

పోయిన సంక్రాంతికి అతను మా ఇంటికి వచ్చినప్పుడు అన్నాడు: "మాష్టారూ, తుపానుకైనా అంత భయపడం. తీగ ఎక్కడ చిక్కుకుంటుందోనన్న దిగులు మాత్రం నిద్రలో కూడా వదలదండీ."

"తీగ లేకుండా నడపరాదుటోయ్?"

"నడపవచ్చునండీ. కాని దాని కంటికి కనబడేది మాకు కనబడాలి గదా! శబ్దం మీద బొమ్మలు రావు. ఇప్పుడు వెలుగుతో ప్రయత్నాలు జరుగుతున్నవి. గురి కుదరడమే కష్టంగా ఉందిట."

అతని దిగులు ఉట్టిది కాదు. జపానువారి కైకో అనే యంత్రం 1995 మార్చిలో ప్రపంచంలోకెల్లా లోతైన మేరియానా అగాధంలో 10,911 మీటర్ల దిగువను తాకి వచ్చింది. అంతటి యంత్రం 2003 మే 29న, షికోకు దీవి దగ్గర సముద్రంలో, తుపాను వస్తున్న సమయాన తీగ తెగి కొట్టుకుపోయింది. మళ్ళీ దొరకలేదు. అగాధాన్ని జయించిన యంత్రం ఒక తీగ తెగినందుకు పోయింది. ఆ మాట విన్న తరువాతనే, గురి కుదరడం ఏమిటి, కుదరకపోతే చేసేదేమిటి అని తెలుసుకోవాలనే పట్టుదల నాకు కలిగింది. మా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి నెలరోజులపాటు విసిగించాను.

నీలిరంగు దారి

వెలుగు మీద మాట పంపడం కొత్త ఊహ కాదు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్, 1880లో టెయింటర్ అనే సహాయకుడితో కలిసి, వాషింగ్టను నగరంలో ఒక బడి కప్పు మీదనుంచి తన ప్రయోగశాలకు 213 మీటర్ల దూరం సూర్యకిరణం మీద మాట పంపాడు. పలుచని అద్దం వెనక మాట్లాడితే అద్దం అదురుతుంది. దానిమీద పడిన ఎండ కూడా అదురుతుంది. అవతల ఆ అదురును తిరిగి మాటగా మారుస్తారు. టెలిఫోనుకన్నా ఇదే తన గొప్ప సృష్టి అని బెల్ భావించాడు. కాని మబ్బు పడితే మాట ఆగిపోయేది.

నీటిలో అన్ని రంగులూ ఒక్కలాగు పోవు. ఎరుపును నీరు త్వరగా మింగేస్తుంది. నీలానికీ, ఆకుపచ్చకూ మాత్రం దారి ఇస్తుంది. సముద్రం నీలంగా ఎందుకు ఉంటుందన్న ప్రశ్నలోనే ఈ కిటుకు ఉన్నది. ఆ ప్రశ్నతో మన వారికి బాగా సంబంధం ఉన్నది. విశాఖపట్నంలో బాల్యం గడిపి, అక్కడ చదువుకున్న చంద్రశేఖర వెంకట రామన్, 1921లో నర్కుండా అనే ఓడలో ఇంగ్లండునుంచి తిరిగివస్తూ మధ్యధరా సముద్రపు నీలిమ చూశాడు. అది ఆకాశపు ప్రతిబింబం మాత్రమే అన్న మాటను ఆయన ఒప్పుకోలేదు. పైనుంచి పరావర్తనమైన వెలుగును ఒక స్ఫటికంతో అడ్డి చూస్తే నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కగా కనబడింది. నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయని ఆయన చెప్పాడు. ఆ ఆలోచనే చివరకు నోబెల్ బహుమానం దాకా నడిపించింది.

1963లో డంట్లీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు సముద్రంలో వెలుగు నడకను కొలిచి, నీలం ఆకుపచ్చల మధ్య సముద్రానికి ఒక కిటికీ ఉన్నదని వివరించాడు. కాని అప్పట్లో నీలిదీపాలు సులువుగా దొరికేవి కావు. జపానులో పుట్టిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు నీలి ఎల్‌ఇడి దీపం సాధించి, 2014లో నోబెల్ బహుమానం అందుకున్నారు. ఈనాడు మన ఇళ్ళలో వెలిగే తెల్ల ఎల్‌ఇడి దీపాలకు మూలం అదే. సముద్రంలో మాటకు దారి తీసినదీ అదే. ఆ దీపం సెకనుకు లక్షలసార్లు ఆరుతూ వెలుగుతూ ఉంటే, వెలిగితే గురువు, ఆరితే లఘువు!

కదిలే చేప, కదిలే విలుకాడు

ద్రౌపదీ స్వయంవరంలో మత్స్యయంత్రం కొట్టిన కథ మన పిల్లలందరికీ తెలుసు. నీళ్ళలో నీడ చూస్తూ, పైన తిరిగే చేపను అర్జునుడు కొట్టాడని చెప్పుకుంటాం. అక్కడ తిరిగింది చేప ఒక్కటే. విలుకాడు నేల మీద నిలబడ్డాడు. సముద్రంలో ఇద్దరూ కదులుతారు, మధ్యనున్న నీళ్ళూ కదులుతాయి. బాణం ఒకటి కాదు, సెకనుకు లక్షల బాణాలు తగలాలి.

లెక్క చూడండి. దీపానికీ దాన్ని అందుకునే కంటికీ మధ్య యాభై మీటర్ల దూరం ఉన్నదనుకుందాం. కంటి ముందున్న కటకం అయిదు సెంటీమీటర్ల వెడల్పు. లేసరు కిరణాన్ని సన్నగా గురిపెడితే అవతలికి చేరేసరికి అది కూడా ఇంచుమించు అంతే వెడల్పు ఉండేటట్లు చేయవచ్చు. నీరు మింగగా మిగిలిన వెలుగంతా కంట్లో పడుతుంది. ఎంత బాగుంది! కాని దీపం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే చాలు, కిరణం 87 సెంటీమీటర్ల దూరాన పడుతుంది. కంటికి పూర్తిగా చీకటి. గడియారంలో నిమిషాల ముల్లు ఒక నిమిషంలో తిరిగేది ఆరు డిగ్రీలు. అందులో ఆరో వంతు తేడాకే ఇంత నష్టం! ప్రవాహం తోసినా, యంత్రపు చక్రం కదిలినా, కెరటం ఊపినా ఒక డిగ్రీ ఒక లెక్కా?

ఇంతటితో అయిపోలేదు. నీటిలో వెచ్చని పొర, చల్లని పొర, ఉప్పెక్కువైన పొర పక్కపక్కనే ఉంటాయి. ఎండాకాలం తారురోడ్డు మీద గాలి అల్లల్లాడినట్లు, ఆ పొరలలో కిరణం వంకరలు పోతుంది. యంత్రపు కన్ను గాజుపలక వెనుక గాలిలో ఉంటుంది గదా. నీటినుంచి గాలిలోకి వచ్చేటప్పుడు కిరణం వంగుతుంది. అందువల్ల గాలిలో ఇరుపక్కలా ముప్ఫై డిగ్రీల దాకా చూడగలిగిన కన్ను, నీటిలో ఇరవైరెండు డిగ్రీలే చూస్తుంది. చూపు ఇరుకైనకొద్దీ గురి కష్టమవుతుంది. ఈ బాధ తగ్గించడానికే కొన్ని యంత్రాలకు గాజుపలకకు బదులు బోర్లించిన గిన్నెలాంటి గాజు అమరుస్తారు.

ముఖం విశాలం చేసుకుంటే

మొదటి ఉపాయం సులభం. కిరణాన్ని వెడల్పు చేయడం. సన్నని కిరణానికి బదులు, పది డిగ్రీలు విచ్చుకునే వెలుగు వేశామనుకోండి. యాభై మీటర్ల అవతల అది ఎనిమిది మీటర్లకు పైగా వెడల్పున పరుచుకుంటుంది. అందులో కన్ను ఎక్కడున్నా కబురు అందుతుంది. కాని ఖరీదు చూడండి: అంత వెడల్పున పరచిన వెలుగులో అయిదు సెంటీమీటర్ల కంట్లో పడేది ముప్ఫై వేల వంతుల్లో ఒక వంతు. పదిమందికి పెట్టాల్సిన పులుసును ఊరందరికీ పంచినట్లు పలుచబడిపోతుంది. వెలుగు తగ్గితే వేగమూ తగ్గించాలి, దూరమూ తగ్గించాలి. అందువల్ల తెలివైనవారు మధ్యేమార్గం పట్టారు. దగ్గరగా ఉన్నప్పుడు విశాలంగా, దూరమైనప్పుడు సన్నగా, అవసరాన్ని బట్టి కిరణపు వెడల్పును మార్చుకునే కటకాలు అమరుస్తున్నారు.

రెండవ ఉపాయం కంటిని పెద్దది చేయడం. వాన నీళ్ళు పట్టడానికి చెంబు కన్నా గంగాళం మేలు గదా! కాని వెలుగును విద్యుత్తుగా మార్చే పలక పెద్దదయినకొద్దీ మందకొడిదవుతుంది. వెంట వెంట వచ్చే గురు లఘువులను విడివిడిగా పోల్చుకోలేదు. ఈ చిక్కుకు ఒక ముచ్చటైన పరిష్కారం దొరికింది. కొన్ని రంగులు కలిపిన సన్నని ప్లాస్టిక్ పోగులు ఉన్నవి. వాటి మీద ఏ పక్కనుంచి నీలివెలుగు పడినా, పోగు దాన్ని మింగి, తన లోపల ఆకుపచ్చ వెలుగుగా కక్కుతుంది. ఆ ఆకుపచ్చ వెలుగులో కొంత భాగం పోగులోనే చిక్కుకుని, కొసదాకా జారిపోతుంది. ఆ కొసన చిన్న, చురుకైన కన్ను ఒకటి పెడితే సరి. పోగుల చాప ఎంత పెద్దదైనా కన్ను చిన్నదే. ఫేస్‌బుక్ సంస్థ పరిశోధకులు 2016లో ఇటువంటి అందికను గాలిలో వెలుగు సంభాషణ కోసం ప్రకటించారు. తరువాత నీటిలోనూ ఈ పోగులను పరీక్షిస్తున్నారు.

వెలుగు ఇలా పోగులో చిక్కుకోవడం చూసి మా మిత్రుడు ఒక సంగతి గుర్తుచేశాడు. జెనీవా సరస్సులో గంట కొట్టిన కొలాడన్ ఉన్నాడే, అతడే 1841లో, గొట్టంనుంచి వంపుగా దూకే నీటిధారలోకి వెలుగు పంపి, ఆ వెలుగు ధారతో పాటే వంగి కిందికి పోవడం జనానికి చూపించాడు. నీటిలో శబ్దాన్ని కొలిచినవాడే నీటిలో వెలుగును కట్టి చూపించాడన్నమాట!

మూడవ ఉపాయం ఒక కంటికి బదులు చాలా కళ్ళు. మధ్యధరా సముద్రంలో, ఫ్రాన్సు తీరాన 2,450 మీటర్ల లోతునా, సిసిలీ తీరాన సుమారు 3,500 మీటర్ల లోతునా, న్యూట్రినో కణాల జాడ పట్టడానికి గాజుగోళాలు వేలాడదీస్తున్నారు. గోళం అడ్డుకొలత 17 అంగుళాలు. ఒక్కొక్క దానిలో అన్ని దిక్కులకూ చూసే 31 కళ్ళు. అతి సన్నని మెరుపును కూడా అవి పసిగడతాయి. రామన్ నీలిమ చూసి మురిసిన సముద్రం అదే. సంభాషణ యంత్రాలకూ ఇటువంటి వేయికళ్ళ గోళమే మేలని ఆలోచన సాగుతున్నది. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్రశాస్త్ర సంస్థవారు 2010 ప్రాంతంలోనే విశాలంగా వెలుగు చిమ్మే దీపమూ, విశాలంగా చూసే కన్నూ గల యంత్రాన్ని తయారుచేసి, దానికి శబ్దయంత్రాన్ని కూడా జతపరిచారు. దూరంగా ఉన్నప్పుడు శబ్దంతో కొద్దిమాటలు. దగ్గరికి వచ్చాక వెలుగుతో ధారాళంగా.

గురి వదలని చేయి

నాల్గవ ఉపాయం ఎదుటివాడు ఎటు కదిలితే అటు తిరగడం. దీపం ముందు గోటికన్నా చిన్న అద్దం ఒకటి ఉంటుంది. అది సెకనుకు వందలసార్లు తిరగగలదు. అవతలి కన్ను నాలుగు గదులుగా విభజించి ఉంటుంది. వెలుగు నాలుగు గదులలోనూ సమానంగా పడితే గురి కుదిరినట్లు. ఎడమ గదిలో ఎక్కువ పడితే అద్దం ఆ మేరకు సర్దుకుంటుంది. రాత్రి గాలిలో దీపాన్ని చేయి అడ్డం పెట్టి తీసుకుపోయే ఇల్లాలు చేయి సర్దుకున్నట్లే.

అయితే మొదట ఎదుటివాడు ఎక్కడున్నాడో తెలియాలి. అందుకు కిరణాన్ని సర్పిలంగా, చిన్న చుట్టునుంచి పెద్ద చుట్టుకు తిప్పుతూ వెదుకుతారు. చీకట్లో పడిన ఉంగరాన్ని పడిన చోటినుంచి చుట్టూ తడుముకుంటూ వెదికినట్లు. శబ్దం ముందుగా సుమారు దిక్కు చెబితే వెదుకులాట త్వరగా ముగుస్తుంది. ఈ పద్ధతిలో సన్నకిరణపు లాభం దక్కుతుంది. కాని యంత్రం బరువు, ఖరీదు, బ్యాటరీ ఖర్చు పెరుగుతాయి.

అయిదవ ఉపాయం మా తెలుగువాళ్ళకు దగ్గరిది. తాళపత్రంలో రాయసకాడు ఒక అక్షరం వదిలేస్తే పరిష్కర్తకు ఎలా తెలుస్తుంది? గణం తప్పుతుంది, యతి చెడుతుంది, ప్రాస కుదరదు. వాటిని బట్టి పోయిన అక్షరం ఏదై ఉంటుందో ఊహించవచ్చు. వేదపండితులు జటాపాఠంలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు అని పదాలను ముందుకూ వెనకకూ చెబుతారు. ఒక్క మాట జారితే వెంటనే దొరికిపోతుంది. ఇంజనీర్లూ ఇదే చేస్తారు. సందేశానికి కొన్ని అదనపు గుర్తులు చేర్చి, వరుస మార్చి, దూరదూరంగా చల్లి పంపుతారు. చేప ఒకటి అడ్డం వచ్చి క్షణంసేపు వెలుగు ఆగితే, పోయిన గుర్తులు ఒకేచోటివి కావు కనుక మిగిలినవాటిని బట్టి పూరించుకోవచ్చు. అయితే ఛందస్సు ఒక అక్షరాన్ని పూరిస్తుంది గాని, చెదలు తిన్న తాటాకుల కట్టను పూరించలేదు. కిరణం పూర్తిగా తొలగిపోతే ఈ ఉపాయం ఒక్కటే చాలదు. పై నాలుగింటిలో ఏదో ఒకటి తోడు ఉండాలి.

వంటింట్లో సముద్రం

బురదనీటి సంగతి వేరు. దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. గాజుగ్లాసు నిండా నీళ్ళు పోసి, గది చీకటి చేసి, సన్నని టార్చిలైటు ఒకవైపునుంచి వేయండి. వెలుగు నేరుగా అవతలికి పోతుంది. నీటిలో దాని దారి సరిగా కనబడదు. ఇప్పుడు రెండు చుక్కలు పాలు కలపండి. దారి తెల్లగా కనబడుతుంది. ఇంకా నాలుగు చుక్కలు వేస్తే గ్లాసు మొత్తం మెరుస్తుంది. అవతలికి పోయే వెలుగు మాత్రం మసకబారుతుంది. పిల్లలు ఉన్న ఇంట్లో లేసరు దీపం మాత్రం వాడకండి, కళ్ళకు ప్రమాదం.

సముద్రంలోనూ ఇంతే. స్వచ్ఛమైన నడిసముద్రంలో పది మీటర్లు పోయిన కిరణంలో నూటికి ఇరవైరెండు వంతులు నేరుగా మిగులుతుంది. ఓడరేవులో మడ్డినీటిలో ఒక్క మీటరు పోయేసరికే నూటికి పదకొండు వంతులు. రెండు మీటర్లకు ఒక్క వంతు! గోదావరి, కృష్ణ తెచ్చి కలిపే ఒండ్రుతో మన తీరపు నీళ్ళు ఏ తరగతిలోవో వేరే చెప్పనక్కరలేదు. అటువంటి నీటిలో నీలంకన్నా ఆకుపచ్చ మెరుగ్గా పోతుంది.

కాని ఇందులోనే ఒక వింత ఉన్నది. పాలు కలిపినప్పుడు గ్లాసు మొత్తం మెరిసింది గదా! అంటే వెలుగు పక్కలకు కూడా చేరింది. మడ్డినీటిలో చెదిరిన వెలుగు కిరణం చుట్టూ వలయంలా విస్తరిస్తుంది. కన్ను కొంచెం పక్కకు జరిగినా ఎంతోకొంత వెలుగు తగులుతుంది. స్వచ్ఛజలంలో గురి తప్పితే పూర్తి చీకటి. మడ్డినీటిలో మసక వెలుగైనా ఉంటుంది. నీటితొట్టెలలో జరిపిన పరీక్షలలో ఇది రుజువైంది. వెలుగు చాలా తగ్గుతుంది, ఒక గుర్తు మరొక గుర్తుతో కలిసిపోయే ప్రమాదమూ ఉన్నది. అయినా దగ్గరి దూరాలలో ఈ చెదరడమే సాయపడుతుంది. ఇజ్రాయెలు దేశపు శాస్త్రజ్ఞులు ఆర్నాన్, కెడార్ 2009లో ఇంకొక దారి సూచించారు. ఎదురుగా బండ అడ్డం ఉంటే, కిరణాన్ని ఏటవాలుగా పైకి పంపి, సముద్రపు ఉపరితలాన్నే అద్దంగా వాడుకోవచ్చునని. నిట్టనిలువుకు 49 డిగ్రీలకన్నా ఎక్కువ వాలుగా కిందినుంచి తగిలిన వెలుగును నీటి ఉపరితలం బయటికి పోనివ్వదు, తిప్పికొడుతుంది.

ఎవరి పని వారిదే

2020లో సౌదీ అరేబియాలోని కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయంవారు, చిన్న కంప్యూటరు ఒకటీ, ఆకుపచ్చ దీపమూ కలిపి, నీటిలోనుంచి ఇంటర్నెట్టు నడిపి చూపారు. దగ్గరి దూరానికి ఎల్‌ఇడి, కొంచెం ఎక్కువ దూరానికి లేసరు. కదిలే నీటిలో కిరణం గురి తప్పకుండా ఉండాలన్నదే మిగిలిన చిక్కు అని వారే చెప్పి, అన్ని వైపులనుంచి వెలుగు అందుకునే గోళాకారపు కన్ను గురించి ఆలోచిస్తున్నామన్నారు. పైపొరలలో సూర్యుడి వెలుగు కంటిని మిరుమిట్లు గొలపడం, కొన్నాళ్ళకు గాజు మీద నాచు పట్టడం వేరే బాధలు.

వెలుగు వచ్చింది కనుక శబ్దానికి పని పోతుందని అనుకోరాదు. 2004 డిసెంబరు సునామీ తరువాత హైదరాబాదులో 2007 నుంచి హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది. సముద్రం అడుగున నీటి ఒత్తిడిని కొలిచే పరికరాలు పైనున్న తేలుగుండుకు శబ్దంతోనే వార్త పంపుతాయి. కిలోమీటర్ల లోతునుంచి నాలుగు అంకెలు చేరితే చాలు, అక్కడ శబ్దమే తగినది. కాని నెలల తరబడి ఒక పరికరం పోగుచేసిన లెక్కలన్నీ తెచ్చుకోవాలంటే, యంత్రం దగ్గరగా ఈదుకుంటూ పోయి, కొద్ది నిమిషాలు వెలుగుతో అడిగి తెచ్చుకోవడం మేలు. పరికరాన్ని పైకి లాగనక్కరలేదు, తీగ వేయనక్కరలేదు. గొట్టం మరమ్మతు చేసే యంత్రం కన్ను చూసింది, పక్కనే నిలిపిన మరో యంత్రానికి వెలుగుతో అంది, అక్కడినుంచి తీగ మీద పైకి వస్తే, పనిచేసే యంత్రం కాళ్ళకు తీగ చుట్టుకోదు. తుపాను వచ్చినా దాన్ని లాక్కుపోవడానికి పట్టు దొరకదు.

పై ఉపాయాలలో ఏ ఒక్కటీ పూర్తిగా సరిపోదు. వెడల్పు కిరణం వెలుగును పలచబరుస్తుంది. తిరిగే అద్దం బ్యాటరీని తింటుంది. వేయికళ్ళ గోళం ఖరీదు ఎక్కువ. అదనపు గుర్తులు వేగాన్ని తగ్గిస్తాయి. అందుకే నేటి ఇంజనీర్లు నాలుగైదింటిని పాళ్ళు చూసి కలుపుతున్నారు. లోతునుబట్టి, నీటినిబట్టి, పనినిబట్టి. మన తీరపు ఒండ్రునీటికి తగిన పాళ్ళు మధ్యధరా సముద్రపు లెక్కలతో రావు. వాటిని మన కాకినాడ ఎదుట, మన విశాఖ ఎదుట కొలిచి తేల్చుకోవలసిందే. ఆ పనికి పూనుకునే కుర్రవాళ్ళు ఇప్పుడు మన పాఠశాలల్లో ఎక్కడో గ్లాసులో పాలచుక్కలు వేసి టార్చిలైటు పట్టుకుని ఉండాలి. ఈ ఆదివారం మీ ఇంట్లో దీపం ఆర్పి, వాళ్ళ చేతికి ఆ గ్లాసు ఇవ్వండి.